అరిగిన డాగర్‌బోర్డు, చుక్కాని పలక: పుట్టీ, పెయింట్‌తో సరిపెట్టొచ్చా?

పున్నమిఘాట్ (#1)
అందరికీ నమస్కారం. 13 అడుగుల చెక్క డింగీ (చిన్న తెరచాప పడవ), కృష్ణలో బ్యారేజీకి పైన, భవానీ ద్వీపం చుట్టుపక్కల తిరుగుతుంది. డాగర్‌బోర్డు (పడవ పక్కకి జారకుండా అడుగులోంచి నీళ్లలోకి దించే పలక) పొడవు 1050, వెడల్పు 240, మందం 24 మి.మీ. పరిస్థితి ఇదీ:

అడుగు కొస ఇసుక మేటలకి తగిలి తగిలి 20 మి.మీ. దాకా గుండ్రంగా అరిగింది. ముందంచులో మూడు గంట్లు, 4 నుంచి 6 మి.మీ. లోతు. వెనకంచు పొరలు విడిపోయి ఈకల్లా ఉంది. పడవ అడుగు నుంచి బోర్డు బయటికొచ్చే చోట రెండు పక్కలా అడ్డంగా గాడి, ఒకటిన్నర మి.మీ. ఉంటుంది. వార్నిష్ అక్కడక్కడా తెల్లగా పొంగింది.

చుక్కాని పలక 200 వెడల్పు. అంచులు బాగానే ఉన్నాయి కానీ 8 మి.మీ. బోల్టు రంధ్రం కోలగా సాగి పలక లొడలొడలాడుతోంది.

గీకేసి, కారు పుట్టీ పెట్టి, 2కే పీయూ (హార్డెనర్ కలిపి వాడే పాలియురెథేన్) పెయింట్ రెండు కోట్లు కొడదామని ఆలోచన. చాలుతుందా?

చిత్రిక_గుంటూరు (#2)
చాలదండి. మీరు చెప్పినవాటిలో కంటికి భయంకరంగా కనపడేది అడుగు కొస, వెనకంచు. అవి రెండూ నిజానికి చిన్న పనులు. అసలు చూడాల్సింది ఆ ఒకటిన్నర మి.మీ. గాడి. బోర్డు మీద వంపు ఒత్తిడి ఎక్కువ పడేది సరిగ్గా పడవ అడుగు దగ్గరే. బలం ఇచ్చేవి పై పొరలు, గాడి కోసింది ఆ పొరల్నే. అక్కడ పుట్టీ మెత్తి రంగేస్తే గాడి కనపడదు, అంతే. పుట్టీ లాగుడు బలాన్ని మోయదు.

రెండోది, వార్నిష్ తెల్లబడిందంటే కింద తడి ఉన్నట్టు. తడి చెక్క మీద ఏది పూసినా ఒక సీజన్‌లో ఊడుతుంది.

ముందు మూడు సంగతులు చెప్పండి. బోర్డు ప్లైవుడ్డా, గట్టి చెక్క ముక్కలు అతికించినదా? తూకం ఎంత? రూపాయి బిళ్లతో కొట్టుకుంటూ పోతే ఎక్కడైనా డొల్లగా పలుకుతోందా?

పున్నమిఘాట్ (#3)
ప్లైవుడ్డే. 12 మి.మీ.వి రెండు అతికించారు, అంచులో పొరలు కనపడుతున్నాయి. పైన 250 మి.మీ. చదును, కింద 800 మి.మీ. చెక్కిన భాగం. తూకం 3.6 కిలోలు. అడుగు నుంచి ఒక జానెడు మేర శబ్దం మందంగా ఉంది, మిగతా అంతా టంగుమంటోంది.

చిత్రిక_గుంటూరు (#4)
లెక్క చూడండి. చదును భాగం ఘనపరిమాణం 0.25 × 0.24 × 0.024, అంటే 0.00144 ఘనపు మీటరు. చెక్కిన భాగం దీర్ఘచతురస్రంలో 68 శాతం దాకా ఉంటుంది కాబట్టి 0.0031. మొత్తం 0.0046. మెరైన్ ప్లై ఘనపు మీటరుకి 650 కిలోలనుకుంటే 3 కిలోలు రావాలి. మీది 3.6. ప్లై రకాన్ని బట్టి 200 గ్రాములు అటూ ఇటూ పోయినా, అందులో దగ్గర దగ్గర అర లీటరు నీళ్లున్నాయనే నా అంచనా.

ఆరబెట్టడం ఇలా. వార్నిష్ మొత్తం తీసెయ్యండి. హీట్ గన్ను ప్లై మీద ఎక్కువసేపు ఆపితే పొరల మధ్య బంక మెత్తబడుతుంది, అందుకని స్క్రేపరు, 80 నంబరు కాగితమే మేలు. వెనకంచులో విడిపోయిన పొరలు గట్టి చెక్క తగిలేదాకా కోసెయ్యండి, తేమ ఎక్కువగా పోయేది ఆ దారినే. తర్వాత నీడలో, మూడు బద్దీల మీద పడుకోబెట్టి, పైనా కిందా గాలాడేలా ఫ్యాను పెట్టండి. రోజూ తిరగెయ్యండి. రెండ్రోజులకోసారి తూకం వేసి బోర్డు మీదే పెన్సిలుతో రాయండి. వరసగా మూడు తూకాలు ఒకటే వచ్చాకే ఎపాక్సీ రెజిన్ (హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు ద్రవం) డబ్బా మూత తియ్యండి.

డాబా మీద ఎండలో మాత్రం పెట్టొద్దు. మన ఎండకి పై మొహం ముందు ఆరి ముడుచుకుంటుంది, బోర్డు విల్లయిపోతుంది. వంకర తిరిగిన ప్లైని మళ్లీ తిన్నగా చెయ్యడం కంటే కొత్తది చేసుకోవడం తేలిక.

నీటిగీత (#5)
గాడి గురించి మాస్టారు చెప్పినదానికి అంకెలు జోడిస్తాను. గాలికి పక్కకి తోసే బలం ఈ సైజు పడవలో 30 కిలోలనుకోండి. అది పడవ అడుగు నుంచి 0.3 మీ. దూరంలో పనిచేస్తే వంపు 9 (కిలోల బలాన్ని మీటర్ల దూరంతో గుణిస్తే వచ్చేది). బోర్డుకి ఇది లెక్కలోది కాదు.

పడవ బోల్తా పడ్డప్పుడు 70 కిలోల మనిషి బోర్డు కొస ఎక్కి నుంచుంటే? 0.75 × 70, అంటే 52 పైచిలుకు. ఆరు రెట్లు. అదే మనిషి పడవని ఆనుకుని, అడుగు నుంచి 15 సెం.మీ.లో నుంచుంటే 10.5. బోర్డులు విరిగేది సెయిలింగులో కాదు, పడవని నిలబెట్టేటప్పుడు. పైగా ప్లైవుడ్‌లో ఇంచుమించు సగం పొరలు అడ్డంగా ఉంటాయి, అవి ఈ వంపుకి పనికిరావు. కాబట్టి గాడి దగ్గర నిలువు పీచు గ్లాసు (పీచంతా ఒకే దిశలో ఉండే ఫైబర్‌గ్లాసు) ఎపాక్సీతో వెయ్యకుండా రంగు వెయ్యకండి.

ఆటోనగర్_ఫైబర్ (#6)
ఎపాక్సీ పేరు చెప్పి ఖర్చు పెంచుతున్నారు. ఆటోనగర్‌లో ట్యాంకులు, బస్సు బంపర్లు అన్నీ పాలిస్టర్ రెజిన్, మ్యాట్‌తోనే. బోర్డుకి రెండు పక్కలా 300 గ్రాముల మ్యాట్ (గ్లాసు పీచు తుంపుల చాప) ఒక్కో పొర వేసి, పైన జెల్‌కోటు (నునుపైన పై పూత రెజిన్) కొడితే గంటలో పని అయిపోతుంది. ధర కూడా మూడో వంతు.

రెజిన్‌బాబాయ్ (#7)
ఫైబర్ గారూ, ట్యాంకుకి పాలిస్టరే సరి, కాదనను. అచ్చులో పోసినప్పుడు రెజిన్ రెజిన్‌కే అతుకుతుంది. ఇక్కడ పాత చెక్కకి అతకాలి. పాలిస్టర్ గట్టిపడుతూ ముడుచుకుంటుంది, చెక్కని పట్టుకునే గుణం తక్కువ. అంచు దగ్గర ఒక్కచోట నీరు దూరితే చాలు, పొర మొత్తం అట్టలా లేస్తుంది. గ్లాసు వేసిన బోర్డుల్ని ఊడదీస్తే కింద చెక్క శుభ్రంగా, రెజిన్ ఇంకకుండా కనపడుతుంది. అది పాలిస్టర్ గుర్తు.

ఇంకో రెండు సంగతులు. మ్యాట్‌లో పీచుని పట్టి ఉంచే పొడి పాలిస్టర్‌లోని స్టైరీన్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో స్టైరీన్ లేదు. అందుకని "మ్యాట్ కొంటాను, ఎపాక్సీ పూస్తాను" అనుకునేవాళ్లకి అది మెత్తబడదు, గట్టిగా లేచి నిలబడుతుంది. నేసిన గ్లాసు గుడ్డే కొనాలి. ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్‌కోటు కూడా కుదరదు, హార్డెనర్‌లోంచి మిగిలిపోయిన అమైన్ వల్ల అడుగున జిగటగానే ఉండిపోతుంది. ఎపాక్సీ మీదకి పీయూ పెయింటే.

లోపల థర్మోకోల్ ఉన్న బోర్డుకైతే పాలిస్టర్ మాటే ఎత్తొద్దు, స్టైరీన్ థర్మోకోల్‌ని తినేస్తుంది.

ఆటోనగర్_ఫైబర్ (#8)
చెక్క మీద లేస్తుందన్నది నిజమే, ఒప్పుకుంటా. పూర్తి ఫైబర్ బ్లేడు, అదీ పాలిస్టర్‌తో చేసిందైతే? దానికి గంటు పడితే?

రెజిన్‌బాబాయ్ (#9)
దానికి మీ పద్ధతి పనికొస్తుంది. గంటు చుట్టూ 80 నంబరుతో గీకి, అసిటోన్‌తో తుడిచి, పాలిస్టర్, ఆపైన జెల్‌కోటు. జెల్‌కోటు మీద గాలి తగలకుండా ఓహెచ్‌పీ షీటు అంటించాలి, లేకపోతే పై మొహం జిగట పోదు. కోబాల్టు (వేగం పెంచే మందు), ఎంఈకేపీ (కెటలిస్టు) రెండూ నేరుగా కలపొద్దని మీకు చెప్పక్కర్లేదు, చదివే కొత్తవాళ్ల కోసం చెబుతున్నా: పేలుతుంది. కోబాల్టు ముందు రెజిన్‌లో బాగా కలిసిపోయాకే కెటలిస్టు.

పున్నమిఘాట్ (#10)
ఎపాక్సీకే నిర్ణయించుకున్నా. ఏది కొనాలి, ఎంత కొనాలి, ఈ ఎండల్లో ఎలా కలపాలి?

రెజిన్‌బాబాయ్ (#11)
హార్డ్‌వేర్ షాపులో దొరికే ట్యూబుల అరాల్డైట్ అతుకులకి మంచిదే కానీ గుడ్డలోకి ఇంకదు, చిక్కన. ఫైబర్ సామాను అమ్మేచోట లామినేటింగ్ రెజిన్ అడగండి. ఎక్కువగా దొరికేవి రెండు జతలు: ఎల్‌వై 556 తో హెచ్‌వై 951, లేదా లాపాక్స్ ఎల్-12 తో కె-6. రెండూ తూకం ప్రకారం రెజిన్ 100 కి హార్డెనర్ 10.

పరిమాణం: చెక్కిన భాగం రెండు పక్కలా కలిపి 0.8 × 0.24 × 2, అంటే 0.38 చదరపు మీటర్లు. అంచులకి, చదును భాగం పూతకి కలిపి 0.5 అనుకోండి. 200 గ్రాముల గుడ్డ ఒక పొర 100 గ్రాములు, చేత్తో వేస్తే దానికి అంతే బరువు రెజిన్. చెక్కకి మొదటి పూత 70, గాడి దగ్గర నిలువు పీచుకి 50, లప్పానికి (పొడి కలిపిన ఎపాక్సీ పుట్టీ) 120, పైన నింపు పూతకి 80. అన్నీ కలిపితే 420. కప్పుకి, బ్రష్షుకి అంటుకుపోయేది పోను అర కిలో రెజిన్, 50 గ్రాముల హార్డెనర్ సరిపోతాయి. చుక్కాని పని కూడా ఇందులోనే వెళ్లిపోతుంది.

ఇప్పుడు అసలు తిరకాసు. పాలిస్టర్‌కి కెటలిస్టు 1 శాతం వేసినా 2 వేసినా పని జరుగుతుంది, తొందర కావాలంటే కాస్త ఎక్కువ వేస్తారు. ఆ అలవాటు ఎపాక్సీకి తెస్తే బోర్డు చెడుతుంది. ఇక్కడ హార్డెనర్ వేగం పెంచే మందు కాదు, గట్టిపడే పదార్థంలో అదీ ఒక భాగం. ఎక్కువైతే మిగిలిపోయిన అమైన్ లోపలే ఉండి నీళ్లు పీలుస్తుంది, తక్కువైతే రెజిన్ మెత్తగానే ఉంటుంది. 50 గ్రాములకి 5 గ్రాములు కాబట్టి ఒక గ్రాము తేడా అంటే 20 శాతం. వంటింటి కాటా చాలదు, 0.1 గ్రాము చూపించే చిన్న కాటా కావాలి. కలిపేటప్పుడు అంచులు, అడుగు గీకుతూ రెండు నిమిషాలు. తర్వాత ఇంకో కప్పులోకి ఒంపి మళ్లీ ఒక నిమిషం.

వేడి: 10 డిగ్రీలు పెరిగితే పని చేసే సమయం సగమవుతుందని గుర్తుపెట్టుకోండి. 25 డిగ్రీల్లో అరగంట ఇచ్చే హార్డెనర్ 35 లో పావుగంట, రోహిణి కార్తెలో పది నిమిషాలు కూడా ఇవ్వదు. కప్పులో లోతుగా వదిలేస్తే తన వేడికి తనే పొగలు కక్కుతుంది. ఒకసారి 50 గ్రాములు మించొద్దు. కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పల్చగా పరిచెయ్యండి, ట్రే కింద చల్లని నీళ్ల పళ్లెం.

చెక్కకి మొదటి పూత సాయంత్రం ఆరు దాటాకే. చల్లగా ఉందని తెల్లవారుజామున పూస్తారు చాలామంది, కానీ ఎండ ఎక్కే కొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలోంచి బుడగలు లేస్తాయి. సాయంత్రం చల్లబడేటప్పుడు అదే గాలి కుంచించుకుని రెజిన్‌ని లోపలికి లాక్కుంటుంది.

ఈ హార్డెనర్లతో గాలిలో తేమ ఉన్నప్పుడు పై మొహం మీద మైనం లాంటి జిడ్డు పొర వస్తుంది. నదీ తీరం, వానాకాలం అంటే ఖాయం. గట్టిపడ్డాక గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే పచ్చ పీచుతో రుద్ది కడిగి, ఆ తర్వాతే సాండింగు. కడగకుండా గీకితే జిడ్డు గీతల్లోకి దిగి తర్వాతి పొర పట్టదు. థిన్నరుతో తుడిస్తే పోదు, అటూ ఇటూ పూసినట్టవుతుంది.

నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. చేతికి అంటితే థిన్నరుతో కడగొద్దు, ముందు పొడి గుడ్డతో తుడిచి తర్వాత సబ్బు. థిన్నరు దాన్ని చర్మంలోకి దింపుతుంది. హార్డెనర్ ఒంటికి ఒకసారి పడకుండా పోయిందంటే ఇక జన్మంతా దురదలే.

చిత్రిక_గుంటూరు (#12)
బోర్డు ఆరిందనుకుని వరస చెబుతా.

గాడి ముందు. గాడి మధ్య నుంచి పైకీ కిందకీ 75 మి.మీ. చొప్పున చెక్కని ఏటవాలుగా దించండి, మధ్యలో లోతు ఒకటిన్నర, చివర్లకి సున్నా. ఇందులో నిలువు పీచు గ్లాసు, చదరపు మీటరుకి 300 గ్రాములది. చేత్తో వేస్తే ఒక్కో పొర మి.మీ.లో మూడో వంతు మందం వస్తుంది, కాబట్టి నాలుగు పొరలు, అవసరమైతే అయిదు. మొదటిది 50 మి.మీ. పొడవు, తర్వాతిది ఒక్కోటి 25 మి.మీ. ఎక్కువ. పీచు బోర్డు పొడవు వెంబడి ఉండాలి. రెండో పక్క కూడా అదే రోజు చెయ్యండి, ఒక పక్కే వేసి వదిలితే వంకర లాగొచ్చు.

అడుగు కొస: అరిగినంత మేర తిన్నగా కోసేసి, టేకు ముక్క అతికించండి. టేకు నూనె చెక్క, అతికే ముందు మొహం మీద అసిటోన్ తుడిచి ఆరాక వెంటనే రెజిన్. నా మాట వింటే చివరి 15 మి.మీ. చెక్క లేకుండా, గ్లాసు పీచు తుంపులు, ఏరోసిల్ (రెజిన్‌ని చిక్కబరిచే సన్నటి సిలికా పొడి) కలిపిన ఎపాక్సీతో పోసెయ్యండి. ఇసుకకి ఎలాగూ అరుగుతుంది, అరిగినా చెక్క బయటపడకూడదు. బోర్డులోకి నీళ్లు దిగేది ఎక్కువగా కొస నుంచే, మీరు చెప్పిన జానెడు డొల్ల శబ్దం కూడా అక్కడిదే. ఆరాక కూడా అక్కడ శబ్దం మారకపోతే పొరలు విడిపోయినట్టు. 3 మి.మీ. రంధ్రాలు 40 మి.మీ.కొకటి, అవతలి పక్కకి పోకుండా వేసి, సిరంజితో పల్చని ఎపాక్సీ ఎక్కించి, రెండు పక్కలా పలకలు పెట్టి క్లాంపులు బిగించండి. మధ్యలో పాలిథిన్ మర్చిపోవద్దు.

ముందంచు: గంట్లలో లప్పం ఒక్కటే నింపితే మళ్లీ రాయి తగిలిన రోజు గుళ్లగా ఊడొస్తుంది. ముందంచు పొడవునా 6 మి.మీ. తిన్నగా కోసి, ఆ స్థానంలో గట్టి ఎపాక్సీ పొయ్యండి. అచ్చుకి ఏం కావాలి? బ్రౌన్ ప్యాకింగ్ టేపు అంటించిన రెండు బద్దీలు, అటొకటి ఇటొకటి. ఎపాక్సీ ఆ టేపుకి అంటదు. పోత కొంచెం ఎత్తుగానే ఉంచి, చిత్రికతో, ఆకురాయితో దించుకోండి.

వెనకంచు: ప్లై పొరల్ని 2 మి.మీ. మందానికి చెక్కితే అవి నిలవవు, మీకు ఈకలు లేచింది అందుకే. వెనక 8 మి.మీ. కోసెయ్యండి. ఒక పక్క టేపు వేసిన బద్దీ బిగించి, గ్లాసు రోవింగ్ తాళ్లు రెజిన్‌లో ముంచి ఆ మూలలో పొడవునా పరిచి, పైన చిక్కటి ఎపాక్సీ. చెక్క కంటే పల్చగా చెక్కినా విరగదు.

ఆకారం వచ్చాకే బోర్డు మొత్తానికి 200 గ్రాముల గుడ్డ, పక్కకొక పొర.

నీటిగీత (#13)
ఆకారం అన్నారు కాబట్టి. 240 వెడల్పు, 24 మందం అంటే సరిగ్గా 10 శాతం. నాకా 0010 సెక్షన్ (రెండు పక్కలా ఒకేలా ఉండే ప్రామాణిక రెక్క ఆకారం) దీనికి అతికినట్టు సరిపోతుంది. ముందంచు నుంచి దూరం, మధ్య గీత నుంచి ఒక పక్క ఎత్తు, మి.మీ.లలో:

3 దగ్గర 3.8
6 దగ్గర 5.2
12 దగ్గర 7.1
24 దగ్గర 9.4
48 దగ్గర 11.5
72 దగ్గర 12.0
96 దగ్గర 11.6
120 దగ్గర 10.6
144 దగ్గర 9.1
168 దగ్గర 7.3
192 దగ్గర 5.2
216 దగ్గర 2.9
228 దగ్గర 1.6

ముందంచు గుండ్రం 2.6 మి.మీ. వ్యాసార్థం. వెనకంచు లెక్క ప్రకారం అర మి.మీ. వస్తుంది కానీ అంత పల్చన చేతికి తగిలినా విరుగుతుంది, ఒకటిన్నర మి.మీ. దగ్గర తిన్నగా కోసి వదలండి.

ఇవి పూర్తయిన కొలతలు. గుడ్డ పొర పావు మి.మీ., లప్పం, రంగు కలిపి ఇంకో పావు. చెక్కని ప్రతి చోటా అర మి.మీ. తగ్గించి దించాలి. ఇది మర్చిపోతే బోర్డు పెట్టెలో (పడవలో అది దిగే గూడు) దూరదు.

ఈ ఆకారాన్ని సన్‌మైకా ముక్క మీద గీసి, లోపలి భాగం కోసి ఫర్మా చేసుకోండి. బోర్డు మీద ఆనించి వెనక నుంచి టార్చి వేస్తే వెలుతురు ఎక్కడ వస్తోందో అక్కడ పల్లం. రెండు పక్కలా ఒకే ఫర్మా వాడండి. మొత్తం ఆకారంలో అర మి.మీ. తేడా ఉన్నా పడవకి తెలీదు, కానీ ఒక పక్క ఒకలా, రెండో పక్క ఇంకోలా ఉంటే ఒక వైపు గాలికి బాగా ఎక్కి రెండో వైపు జారుతుంది.

2.6 వ్యాసార్థం మీదుగా గుడ్డ తిన్నగా మడిస్తే లేస్తుంది, కింద బుడగ. గుడ్డని 45 డిగ్రీల్లో ఏటవాలుగా కోసి చుట్టండి, చీర ముడత పడకుండా ఒదిగినట్టు ఒదుగుతుంది. అప్పటికీ లేస్తే ముందంచు దాకా వచ్చి ఆపెయ్యండి, కింద మాస్టారు పోయించిన గట్టి ఎపాక్సీ ఉంది కదా.

సీతానగరం_సెయిల్ (#14)
ఒక జాగ్రత్త. పోటీ క్లాసు పడవ అయితే ఈ ఆకారం మార్పులు చెల్లవు. ఆప్టిమిస్ట్, లేజర్ లాంటివాటికి పలక ఆకారం, మందం రూల్సులో ఉంటాయి. రిపేరు చెయ్యొచ్చు, మెరుగుపరచకూడదు. హుస్సేన్ సాగర్‌కో ఇంకెక్కడికో పోటీకి తీసుకెళ్లేవాళ్లు ముందు రూలు పుస్తకం చూసుకుని సాండింగ్ మొదలెట్టండి.

పున్నమిఘాట్ (#15)
నాది సొంతంగా కట్టించిన పడవ, ఏ క్లాసూ కాదు. లప్పం ఎలా కలపాలి? పైన నున్నగా ఎంతవరకు తేవాలి, అద్దంలా పాలిష్ పట్టాలా?

రెజిన్‌బాబాయ్ (#16)
అతికించే చోట ఏరోసిల్, పల్లాలు నింపి గీకే చోట మైక్రోబెలూన్లు (సన్నటి డొల్ల గుళ్ల తేలిక పొడి). రెజిన్, హార్డెనర్ కలిపాకే పొడి వెయ్యాలి. గరిటెని తిప్పితే కారకుండా నిలబడాలి. మైక్రోబెలూన్ల లప్పం అంచుల మీద వాడొద్దు, మెత్తన. కారు పుట్టీ ఎందుకు వద్దంటే, అందులో టాల్కం లాంటి పొడి ఎక్కువ, నీటిలో ఉండే కొద్దీ తడి పీలుస్తుంది. రంగులో చిన్న గీత పడితే చాలు, చుట్టూ పొంగుతుంది. బోటు పైభాగంలో వాడుకోండి, నీటి కింద వద్దు.

నీటిగీత (#17)
అద్దంలా అక్కర్లేదు. చేత్తో తడిమితే తెలిసే ఎత్తుపల్లాలే నష్టం చేస్తాయి, మెరుపు లేకపోవడం కాదు. 6 మి.మీ. ప్లై బద్దీ, 450 పొడవు, 70 వెడల్పు, దాని మీద 80 నంబరు కాగితం అంటించి, బోర్డు పొడవుకి 45 డిగ్రీల ఏటవాలుగా అటొకసారి ఇటొకసారి రుద్దండి. నల్ల స్ప్రే పల్చగా చల్లి రుద్దితే నలుపు మిగిలినచోట పల్లం. చేతి కింద కాగితం మడిచి రుద్దితే మాత్రం వేళ్ల గుంటలు పడతాయి. 80, 120, 220 వరకు పొడిగా. రంగు పడ్డాక 400, ఆపైన 600 వాటర్ పేపరుతో ఆపెయ్యండి. మైనం పాలిష్ వద్దు. నీరు పూసలు కడితే వేగం అన్నది కారు కడిగేవాళ్ల నమ్మకం.

ఆటోనగర్_ఫైబర్ (#18)
పెయింట్ నా సబ్జెక్టు. ఎపాక్సీ ప్రైమరు రెండు కోట్లు, 320 తో గీకి, పీయూ పల్చగా మూడు కోట్లు. పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, గన్‌తో కొడితే మామూలు మాస్కు పనికిరాదు, బయటి గాలి పైపు ఉన్న మాస్కు కావాలి. ఇంట్లో చేసుకునేవాళ్లు 4 అంగుళాల ఫోమ్ రోలరుతో పూసి, వెంటనే మెత్తటి బ్రష్షు ఒకసారి పైపైన లాగండి. అప్పుడు కూడా ఆరుబయట, కాట్రిడ్జి మాస్కుతో. వాన ముసురులో వద్దు, తేమతో కలిసి నీటి బుడగల్లా లేస్తుంది. నీళ్లలో దించే ముందు వారం ఆగండి.

రంగు తెలుపే. ముదురు నీలమో నలుపో వేసి ఘాట్ మెట్ల మీద ఎండలో పెడితే పలక కాలిపోతుంది, గది వేడికే గట్టిపడ్డ ఎపాక్సీ ఆ వేడికి మెత్తబడి వంగొచ్చు.

సీతానగరం_సెయిల్ (#19)
అసలు గాడి ఎందుకు పడిందో ఎవరూ అడగలేదు. పెట్టెలో వదులు ఎక్కువై బోర్డు పక్కకి కొట్టుకుంటుంది, అడుగు అంచు కత్తిలా కోస్తుంది. బోర్డు బాగు చేసి పెట్టె వదిలేస్తే మళ్లీ అదే గాడి. బోర్డు దించి కొసని పక్కకి ఊపి చూడండి. పెట్టె వెడల్పులో రెండు పక్కలా కలిపి 2 మి.మీ. మించి ఖాళీ ఉంటే తగ్గించాలి.

కొందరు వెల్క్రో మెత్తటి పక్కో, కార్పెట్ ముక్కో అంటిస్తారు. చెరువులో బాగుంటుంది. కృష్ణలో వద్దు, ఇసుక రేణువులు అందులో ఇరుక్కుని అదే వాటర్ పేపరై కూర్చుంటుంది, బోర్డు దించిన ప్రతిసారీ గీతలు. గట్టి ప్లాస్టిక్ బద్దీ, 1 మి.మీ. హెచ్‌డీపీఈ అయితే నయం. దానికి ఏ జిగురూ సరిగ్గా అంటదు కాబట్టి పైన, కింద చిన్న స్టీలు స్క్రూలు, తల మునిగేలా. స్క్రూ పడే రంధ్రాన్ని ముందు ఎపాక్సీతో నింపి మళ్లీ చిన్నగా తొలవండి, లేకపోతే పెట్టె చెక్కలోకి నీళ్లు. పెట్టె అడుగు అంచుని కూడా 3 మి.మీ. గుండ్రం చెయ్యండి.

బోర్డు పైకి లాగినప్పుడు గుర్రపు డెక్క వేళ్లు పెట్టెలోకి వస్తాయి, అవి అక్కడే ఎండితే బోర్డు పట్టేస్తుంది. గట్టిగా తన్నడం కాదు, సన్నటి బద్దీతో తోసేసి అప్పుడు దించండి.

పున్నమిఘాట్ (#20)
చూశాను, ఖాళీ 4 మి.మీ. ఉంది. ఇంకో సంగతి, కాస్త వేగం అందుకోగానే బోర్డు 'ఝూం'మని మోగుతుంది. అది కూడా ఇందువల్లేనా?

నీటిగీత (#21)
కాదు, అది వెనకంచు. ఈకలు లేచిన, లేదా గుండ్రంగా ఉన్న వెనకంచు నుంచి సుడులు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి విడుస్తాయి. ఆ వేగం బోర్డు సహజ కంపనంతో కలిసినప్పుడు మోగుతుంది. కొత్త అంచుని తిన్నగా, మూలలు పదునుగా కోస్తే చాలావరకు ఆగుతుంది. ఆగకపోతే ఒక పక్క మాత్రమే 30 నుంచి 45 డిగ్రీల ఏటవాలు చెయ్యండి. రెండు పక్కలా సమానంగా గుండ్రం చెయ్యడమే అందరూ చేసే పని, అది మోత పెంచుతుంది.

చిత్రిక_గుంటూరు (#22)
చుక్కాని మిగిలింది. కోలగా సాగిన రంధ్రంలో పెద్ద బోల్టు వేస్తే చెక్క ఇంకా నలుగుతుంది. 8 మి.మీ. రంధ్రాన్ని 16 కి తొలవండి, లోపలి చెక్కకి పల్చని ఎపాక్సీ తడిపి పది నిమిషాలాగి, ఒక పక్క టేపు మూసి, పీచు తుంపులు కలిపిన చిక్కటి ఎపాక్సీ నింపండి. రెండో రోజు 8 తో తొలవండి, డ్రిల్ స్టాండు మీద, చేత్తో వద్దు. ఇంకా మేలు కావాలంటే 12 కి తొలిచి, లోపల 8 ఉండే ఇత్తడి బుష్షు లేత్ మీద చేయించి అతికించండి. చుట్టూ 2 మి.మీ. ఎపాక్సీ మిగులుతుంది, చెక్కకి బోల్టు తగలదు.

బోల్టు సంగతి: షాపులో "ఎస్ఎస్" అంటే 202 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఇస్తారు, నీళ్లలో తుప్పు మరకలు పడుతుంది. అయస్కాంతంతో 202, 304 తేడా తెలీదు. తల మీద ఎ2-70 అని అచ్చు ఉన్నది 304, కృష్ణకి చాలు. సూర్యలంక దాకా తీసుకెళ్లి ఉప్పునీటిలో దించేవాళ్లు ఎ4 (316 రకం) కొనండి.

సీతానగరం_సెయిల్ (#23)
చుక్కాని లొడలొడ పోయాక ఇది కూడా చూడండి. పలక పూర్తిగా కిందకి దిగి ఆగే దిమ్మ అరిగితే పలక వెనక్కి వాలుతుంది. బోల్టు నుంచి పలక మధ్యకి 300 మి.మీ. అనుకుంటే 10 డిగ్రీలు వాలితే బలం పనిచేసే చోటు 52 మి.మీ. వెనక్కి పోతుంది. 200 వెడల్పు పలకలో అది మామూలుగా ముందంచుకి 50 మి.మీ. వెనక ఉంటుంది. అంటే టిల్లరు (చుక్కాని తిప్పే కర్ర) మీద చేతికి తెలిసే బరువు రెట్టింపు. పడవ గాలిలోకి లాగుతోందని తెరచాప సర్దుతూ కూర్చునేవాళ్లలో చాలామందికి అసలు తప్పు ఈ దిమ్మ దగ్గరే.

పున్నమిఘాట్ (#24)
తూకం 3.6 నుంచి 3.3 కి దిగింది, ఇంకా తగ్గుతోంది. ఈ లోపు రెజిన్ తెచ్చుకుంటా. మొదలు దేంతో పెట్టమంటారు?

రెజిన్‌బాబాయ్ (#25)
చుక్కాని రంధ్రంతో. చిన్న పని, 15 గ్రాముల రెజిన్, ఒకటిన్నర గ్రాము హార్డెనర్. కప్పులో మిగిలింది పారెయ్యకుండా మర్నాడు గోటితో నొక్కండి. గుర్తు పడితే మీ కాటా తప్పు, లేదా సరిగ్గా కలవలేదు. అది తేలాకే డాగర్‌బోర్డు జోలికి వెళ్లండి. బోర్డు 3 కిలోల దగ్గర నిలబడ్డాక తూకాలు ఇక్కడ పెట్టండి, గ్లాసు వేసే ముందు ఒకసారి చూద్దాం.